గడువు 12 రోజులు, ఫోను ఎవరికి అమ్మాలి?

ప్రశ్న: నా స్మార్ట్‌ఫోను కొని రెండేళ్లు దాటింది. బాగానే పనిచేస్తోంది కానీ తెర కింది మూలలో చిన్న పగులు ఉంది. ఒక కోర్సులో చేరడానికి ఫీజు కట్టాలి, ఇంకా 12 రోజులే గడువు. పాత ఫోన్లు కొనే దుకాణంలో చూపిస్తే అప్పటికప్పుడు నగదు ఇస్తామన్నారు. ఆ డబ్బు ఫీజుకు సరిగ్గా సరిపోతుంది. ఇలాంటి ఫోనునే నా స్నేహితుడు నేరుగా ఒకరికి అమ్మి, దుకాణం చెప్పినదానికంటే మూడో వంతు ఎక్కువ తెచ్చుకున్నాడు. వచ్చే నెల ఇదే కంపెనీ కొత్త మోడల్ విడుదల చేస్తోందట. ముందు తెర మార్పించి అమ్మమని ఒకరు, ఇవాళే వదిలించుకోమని మరొకరు అంటున్నారు. అమ్మాక వాడుకోవడానికి ఇంట్లో పాత ఫోను ఒకటి ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: ఇవాళ అమ్మకండి. తెర కూడా మార్పించకండి. తొమ్మిది రోజుల పాటు నేరుగా కొనేవారి కోసం చూడండి. పదో రోజుకు కూడా బేరం కుదరకపోతే దుకాణానికి వెళ్లి నగదు తీసుకోండి. మిగిలిన రెండు రోజులూ ఫీజు కట్టడానికి. నా సలహా ఇదే. ఎందుకో చెబుతాను. తొందరలో ధర కొంత పోయినా మళ్లీ సంపాదించుకోగలరు. ఆ తొందరలోనే చేజారే మరికొన్ని అలా తిరిగి రావు. వాటి గురించి కాస్త ఎక్కువే రాస్తాను, విసుక్కోకండి.

ముందుగా ఒక చిన్న పని. ఫీజు కట్టాల్సిన కార్యాలయానికి వెళ్లి, రెండు విడతలుగా కట్టవచ్చా, ఒక వారం గడువు ఇస్తారా అని అడగండి. ఈ ఒక్క మాట అడగడానికి మొహమాటపడి వస్తువులు అయినకాడికి అమ్ముకునేవారు చాలామంది ఉన్నారు. వాళ్లు కాదంటే మీకు పోయేదేమీ లేదు. సరేనంటే మీ చేతికి మరికొన్ని రోజులు వస్తాయి, పాత వస్తువు అమ్మేవారికి రోజులే డబ్బు. నిమిషాల్లో అప్పు ఇస్తామనే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. ఫోనులోని నంబర్లన్నీ చూసే అనుమతి ముందే తీసుకుని, వాయిదా తప్పగానే బంధువులకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీసిన యాప్‌లు ఎన్నో దేశాల్లో బయటపడ్డాయి.

ఇక ధరలో తేడా సంగతి. దుకాణదారు తక్కువ చెప్పాడని మోసం చేస్తున్నాడనుకోనక్కరలేదు. అతను మీ ఫోను కొని, పరీక్షించి, తెర మార్పించి, ఇన్నాళ్లు పనిచేస్తుందని పూచీ పడి మరొకరికి అమ్మాలి. అది అద్దాల అరలో కూర్చున్న ప్రతి వారం దాని విలువ కాస్త కరిగిపోతూనే ఉంటుంది. రేపు అది దొంగ సొత్తని తేలితే నష్టపోయేది అతనే. ఈ పనులూ ఈ భయాలూ మీ దగ్గర్నుంచి అతను తీసుకుంటున్నాడు, ఆ మూడో వంతు వాటికి మీరు ఇచ్చే కూలి. నేరుగా అమ్మితే ఆ కూలి మీకే మిగులుతుంది, పనీ మీ మీదే పడుతుంది. ఫొటోలు తీయడం, అడిగినవారికి జవాబులు చెప్పడం, ఇద్దరు ముగ్గురిని కలవడం, అన్నీ కలిపి ఒకటిన్నర రోజు పని అనుకోండి. ఆ మూడో వంతు మీ ఎన్ని రోజుల సంపాదనతో సమానమో లెక్క వేసుకోండి. రెండు రోజులకు మించితే ఈ శ్రమ గిట్టుబాటవుతుంది. రేపు సాయంత్రమే ఆఖరి గడువని రాసి ఉంటే, మరో ఆలోచన లేకుండా దుకాణానికే వెళ్లమని చెప్పేదాన్ని.

దుకాణం ధరతో ఫీజు సరిపోతుందని మీరే రాశారు. బేరానికి కూర్చునేవారికి ఇంతకంటే ధైర్యం ఏముంటుంది? ఎవరు తక్కువకు అడిగినా లేచి రావచ్చు. అయితే ఆ ధర మాట మీదే ఉంటే చాలదు. ఏ తేదీ వరకు ఆ ధర ఇస్తారో అడిగి, కాగితం మీద రాయించుకోండి. మరో రెండు దుకాణాల్లోనూ చూపించండి. ఒకే ఫోనుకు ఒకే రోజున ఒక్కో చోట ఒక్కో ధర చెబుతారు. ఇంటర్నెట్‌లో పాత ఫోన్లు కొనే సంస్థల దగ్గర మరో జాగ్రత్త అవసరం. మీరు ఇచ్చిన జవాబులను బట్టి ముందు ఒక ధర చూపిస్తారు, ఫోను వాళ్ల చేతికి వెళ్లి పరీక్ష అయ్యాక అది తగ్గవచ్చు. తగ్గితే ఫోను తిరిగి పంపుతారా, ఖర్చు ఎవరిది అని ముందే తెలుసుకోండి. ఎక్స్ఛేంజ్‌లో పెద్ద అంకె చూసి ఆశపడకండి. కొత్త ఫోను బిల్లులోంచి తగ్గించేది అది, దానితో ఫీజు కట్టలేరు.

కొత్త మోడల్ మాట ఉత్త కబురు కాదు, పట్టించుకోవలసిందే. యాపిల్ సాధారణంగా సెప్టెంబరులో, శాంసంగ్ గెలాక్సీ ఎస్ రకం ఫోన్లను ఏడాది మొదటి నెలల్లో విడుదల చేస్తాయి. కొత్తది కొన్నవాళ్లంతా పాతవి ఒక్కసారిగా అమ్మకానికి పెడతారు. అదే సమయంలో దుకాణాల్లో మిగిలిన పాత మోడళ్ల ధర కూడా తగ్గుతుంది. పెట్టె విప్పని ఫోనే చవగ్గా దొరుకుతుంటే రెండేళ్లు వాడినదానికి మునుపటి ధర ఎవరిస్తారు? అందుకే ఈ నెలలోనే ముగించమంటున్నాను. మీ ఫోనుకు కంపెనీ ఇంకా ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తుందో కూడా చూసుకోండి. గూగుల్ 2023లో పిక్సెల్ 8తోనూ, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24తోనూ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని మాట ఇచ్చాయి. మీ ఫోనుకూ ఏళ్లు మిగిలి ఉంటే, ప్రకటనలో మొదటి వాక్యంగా అదే రాయండి.

తెర ఎందుకు మార్పించవద్దన్నానో చెబుతాను. మీరు ఒక్క తెరకు మరమ్మతు దుకాణంలో పూర్తి ధర కడతారు. పాత ఫోన్లు కొనే వ్యాపారికి అదే తెర చాలా తక్కువలో పడుతుంది. కాబట్టి పగులుకు అతను తగ్గించేదానికంటే మీరు పెట్టే ఖర్చే సాధారణంగా ఎక్కువవుతుంది. చవక తెర వేయిస్తే ఇంకా నష్టం. కొన్నేళ్లుగా వస్తున్న ఐఫోన్లలో తెర మార్పించారా, వేసింది అసలైనదేనా అన్నది సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది. అసలు తెర మీద ఉన్న చిన్న పగులును క్షమించే కొనుగోలుదారు, నాసిరకం తెరను చూస్తే లోపల ఇంకేమేం మార్చారో అని అనుమానపడతాడు. పగులును అలాగే ఉంచండి. దగ్గరగా ఫొటో తీసి ప్రకటనలో పెట్టండి. మీ నోటితో ముందే చెప్పిన లోపాన్ని చూపి, కలిశాక ఎవరూ ధర తగ్గించమనలేరు.

ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఒకటుంది, శుభ్రం చేయడం. ఫోను ఆపి, మంచి వెలుతురులో ఛార్జింగ్ రంధ్రంలోకి చూడండి. రెండేళ్లు జేబులో తిరిగిన ఫోనైతే అడుగున బూడిదరంగు నూలు గట్టిగా అణిగిపోయి ఉంటుంది. దానివల్లే ఛార్జర్ వదులుగా కూర్చుంటుంది, తీగ కాస్త కదిలినా ఛార్జింగ్ ఆగిపోతుంది. కొనేవారు దాన్ని చూసి రంధ్రమే పాడైందనుకుంటారు. సన్నని చెక్కపుల్లతో, లోపలి పిన్నులకు తగలకుండా, ఒక అంచు నుంచి మెల్లగా లాగితే చిన్న దూది ఉండలా బయటికి వస్తుంది. సూది మాత్రం వాడకండి. తర్వాత సిమ్ ట్రే బయటికి తీసి ఆ సందులోకి టార్చి వేసి చూడండి. చాలా ఐఫోన్లలో అక్కడ ఒక చిన్న గుర్తు ఉంటుంది, మామూలుగా తెల్లగానో వెండి రంగులోనో. నీరు తగిలితే ఎర్రబడుతుంది. అనుభవం ఉన్న కొనుగోలుదారు ముందు చూసేది దాన్నే. అది ఎర్రగా ఉందని మీకు ముందే తెలిస్తే మంచిది, కలిసిన చోట తెల్లబోనక్కరలేదు.

బ్యాటరీ సంగతి కూడా అడుగుతారు. ఐఫోన్లలో దాని సామర్థ్యం ఎంత శాతం మిగిలిందో సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది. యాపిల్ లెక్క ప్రకారం ఐఫోన్ 14 వరకు వచ్చిన ఫోన్ల బ్యాటరీ 500 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యాక, ఐఫోన్ 15 నుంచి 1000 సార్లు అయ్యాక, 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారుచేస్తారు. కొనేవారు కూడా ఆ 80నే గీతగా పెట్టుకుంటారు. మీది దానికి పైన ఉంటే ఆ తెరను ఫొటో తీసి పెట్టండి. ఆండ్రాయిడ్‌లో ఆ అంకె కనిపించకపోతే, మామూలు వాడకంలో ఛార్జి ఎన్ని గంటలు నిలుస్తోందో ఉన్నది ఉన్నట్లు రాయండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దుకాణంలో అమ్మినా, మనిషికి అమ్మినా, ఫోనులోని మీ సమాచారమంతా తుడిచి ఇవ్వడంలో తొందరపడకండి.

నేనొకసారి తొందరపడ్డాను. ఇల్లు మారే హడావిడిలో పాత ఫోను అమ్మేశాను. ఫొటోలు, నంబర్లు కాపీ చేసుకున్నాను, రీసెట్ చేశాను, అన్నీ సవ్యంగా చేశాననే అనుకున్నాను. మర్నాడు మెయిల్ తెరవబోతే ఆరంకెల సంకేతం అడిగింది. ఆ సంకేతాలు చూపించే యాప్ పాత ఫోనులో ఉండేది, రీసెట్‌తో పాటు అదీ పోయింది. ఖాతా మళ్లీ నా చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. ఒక పని కోసం నేను ఎదురుచూస్తున్న ఉత్తరం ఆ మూడు వారాల్లోనే వచ్చి, జవాబు లేదని వెళ్లిపోయింది. ఫోను ధరలో నేను మిగుల్చుకున్నదానికీ ఆ నష్టానికీ పోలికే లేదు.

అందుకే ఇవాళ సాయంత్రమే మీ ఇంట్లో ఉన్న ఆ పాత ఫోను బయటికి తీసి ఛార్జ్ చేయండి. సిమ్ కార్డు అందులో వేసి, ఒక రోజంతా దానితోనే గడపండి. బ్యాంకు యాప్ తెరుచుకుంటోందా, ఓటీపీలు వస్తున్నాయా, మెయిల్ అడిగే సంకేతం దొరుకుతోందా, వాట్సాప్ సంభాషణలు వచ్చాయా, ఒక్కొక్కటీ చూడండి. ఏది తక్కువైనా అమ్మబోయే ఫోను ఇంకా మీ దగ్గరే ఉంటుంది కనుక సరిచేసుకోవచ్చు. మీది ఈసిమ్ అయితే, అంటే కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్ అయితే, దాన్ని పాత ఫోనుకు మార్చుకోవచ్చా లేదా అన్నది ముందే తేల్చుకోండి. పాత ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు. ఫొటోలను కూర్చుని ఒక్కొక్కటిగా తొలగించే పని పెట్టుకోకండి. ఫోను మీ ఐక్లౌడ్‌కో గూగుల్ ఫొటోస్‌కో కలిసి ఉండగా అలా తొలగిస్తే, అక్కడ దాచుకున్నవీ పోతాయి. ముందు బ్యాకప్, తర్వాత ఖాతా నుంచి బయటికి రావడం, ఆఖరున ఫ్యాక్టరీ రీసెట్. ఈ వరస తప్పకూడదు.

ఎందుకంటే ఇప్పటి ఫోన్లకు దొంగల కోసం పెట్టిన ఒక తాళం ఉంది. యాపిల్ 2013లో ఐఓఎస్ 7తో, గూగుల్ 2015లో ఆండ్రాయిడ్ 5.1తో దాన్ని తెచ్చాయి. ఖాతా తీయకుండా ఫోనును తుడిచేస్తే, మళ్లీ తెరిచినప్పుడు అది పాత యజమాని పాస్‌వర్డ్ అడుగుతుంది. కొన్నవారికి ఆ ఫోను రాయితో సమానం. అప్పుడు డబ్బు తిరిగి ఇవ్వమని మీ ఇంటికి వస్తారు, లేదా పాస్‌వర్డ్ చెప్పమంటారు. రెండోది ఎట్టి పరిస్థితిలోనూ చెప్పకూడదు. ఐఫోన్ అయితే, పోయిన ఫోనును వెతికే ‘ఫైండ్ మై’ ఆపి, యాపిల్ ఖాతా నుంచి సైన్ అవుట్ అవ్వండి. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఖాతాతో పాటు, ఫోను కంపెనీ ఖాతా వేరే ఉంటే అదీ తొలగించి, రీసెట్‌ను సెట్టింగ్స్‌లోంచే చేయండి. రీసెట్ చేసినా ఎవరో ఫొటోలు వెనక్కి తీస్తారన్న భయం మీకుంటే, ఇప్పటి ఫోన్లు సమాచారాన్ని సంకేత రూపంలోకి మార్చి దాస్తాయి, రీసెట్‌తో దాన్ని విప్పే తాళంచెవి నాశనమవుతుంది. మీది రెండేళ్ల ఫోనే కనుక ఆ దిగులు అక్కరలేదు. మెమరీ కార్డుకు మాత్రం ఈ రక్షణ ఉందని నమ్మకండి. ఉంటే తీసి మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రకటన రాసేటప్పుడు ఇతరులు అడుగుతున్న ధరలు చూసి మోసపోవద్దు. వారాల తరబడి అమ్ముడుపోని ప్రకటనలే ఎక్కువగా కంటికి కనిపిస్తాయి. మీ స్నేహితుడికి నిజంగా చేతికి వచ్చిన ధర ఉంది, అదే మీకు నమ్మకమైన కొలత. ఆయన ఫోనుకు పగులు లేకపోతే ఆ మేరకు తగ్గించుకోండి. దానికి కొంచెం పైన మొదలుపెట్టండి, ఇంతకంటే దిగనన్న అంకె మనసులో ముందే నిర్ణయించుకోండి. ఫోను చూడకుండానే ఆఖరి ధర చెప్పమనేవారితో కాలం వృథా చేయకండి, చూశాకే మాట్లాడదామనండి. ఐదో రోజుకు కూడా గట్టిగా అడిగేవారు రాకపోతే ధర ఒక మెట్టు దించండి. దించాక కూడా దుకాణం ధర కంటే పైనే ఉంటారు. పెట్టె, బిల్లు ఉంటే ఫొటోలో చూపించండి, వాటివల్ల నమ్మకం పెరుగుతుంది. కానీ పెట్టె మీద ఉన్న ఐఎంఇఐని, అంటే ఆ ఫోనును గుర్తించే 15 అంకెల సంఖ్యను, బిల్లు మీది మీ చిరునామాను వేలితో కప్పి తీయండి. కలిసినప్పుడు కొనేవారు *#06# నొక్కి, ఆ సంఖ్యను పెట్టెతో సరిచూసుకుంటారు, అది వారి హక్కు.

కలవడం పగటిపూట, జనం తిరిగే చోట, మీ వెంట ఒకరు ఉండగా. బ్యాంకు ఆవరణ అయితే మరీ మంచిది, నోట్లు అక్కడే లెక్కించి ఖాతాలో వేసుకోవచ్చు. డబ్బు ఖాతాకు పంపుతామంటే, వాళ్ల ఫోనులో చూపించిన రసీదు తెరను గానీ మీకు వచ్చిన సందేశాన్ని గానీ నమ్మకండి. రెంటినీ నకిలీగా తయారుచేస్తారు. మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి, నిల్వ పెరిగిందని చూశాకే ఫోను చేతికివ్వండి. డబ్బు అందుకోవడానికి మీరు పిన్ నొక్కాలనీ, ఓటీపీ చెప్పాలనీ, ఏదో లింకు తెరిచి కార్డు వివరాలు రాయాలనీ ఎవరైనా అంటే మాట అక్కడే ఆపేయండి. పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి పంపండి అనడం కూడా పాత ఎత్తే. బేరమే ఆడకుండా, చూడకుండా, అడిగినంతా ఇస్తాను కొరియర్ చేయమనేవారికి మీ ఫోను ఇవ్వకండి, ఎంత అవసరంలో ఉన్నా సరే.

అమ్మకం అయ్యాక ఒక కాగితం రాసుకోండి. తేదీ, ధర, ఐఎంఇఐ సంఖ్య, ఇద్దరి పేర్లు, సంతకాలు ఉంటే చాలు. రేపు ఆ ఫోనుతో ఎవరైనా తప్పుడు పని చేస్తే, ఆ రోజు నుంచి అది మీది కాదని చూపడానికి ఆ కాగితమే ఆధారం. దుకాణానికి అమ్మితే రసీదు అడిగి తీసుకోండి. పదో రోజున అక్కడికి వెళ్లాల్సి వచ్చినా, ఫోను అన్‌లాక్ చేసి ఇచ్చి వెళ్లండి, మేం తుడుచుకుంటాం అంటే ఒప్పుకోకండి. ముందు రోజు రాత్రే ఇంట్లో మీ చేతులతో రీసెట్ చేయండి. ఫోను మళ్లీ వెలిగి, కొత్తదానిలా పలకరించి భాష ఎంచుకోమంటుంది. ఒక అడుగు ముందుకు వెళ్లి, మీ పాత ఖాతా పాస్‌వర్డ్ అడగడం లేదని చూసుకున్నాకే ఆపి పెట్టెలో పెట్టండి.